మెట్ల మీద ఆరుగురు

మా ఇంట్లో గోడకు వేలాడుతున్న అమ్మ పటం మా అమ్మది కాదు. మా సినిమా హాలుకు బ్యానర్లు రాసే ఆర్టిస్టు వేసిన బొమ్మ అది. ఆయన మా అమ్మను ఒక్కసారి కూడా చూడలేదు. అమ్మ పోయిన నెలకు నాయన ఆయన్ను పిలిపించి, నుదురు ఇలా ఉంటుంది, ముక్కు ఇలా ఉంటుంది అని నోటితో చెప్పాడట. ఆర్టిస్టు తన చేతికి అలవాటైన ముఖమే వేశాడు. ఆ వారం ఏ హీరోయిన్ బొమ్మను నలభై అడుగుల ఎత్తున రాస్తున్నాడో ఆమె కళ్లు, ఆమె పెదవి వంపు. వాటికి మా ఇంటి ఆడవాళ్లు పెట్టుకునే రెండు ముక్కుపుడకలు తగిలించాడు. అరవై ఏళ్లకు పైగా ప్రతి శుక్రవారం ఆ బొమ్మకే దండ వేస్తున్నాం.

అమ్మకు ఫొటో లేదు. మా నాయనమ్మకు కెమెరా అంటే పడదు. బొమ్మ తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. ఇంటి ఆడవాళ్లెవరూ కెమెరా ముందు నిలబడకూడదు, పెళ్లిలో కూడా. ఊరందరికీ బొమ్మలు చూపించి బతికిన ఇంట్లో ఆడవాళ్లకు ఒక్క బొమ్మ లేకపోవడం చదివేవాళ్లకు వింతగా ఉండవచ్చు. మాకు అది మర్యాదగానే ఉండేది. ఆయుష్షు సంగతి చెప్పాలంటే, అమ్మ ఇరవై ఎనిమిదేళ్లకే పోయింది. అప్పటికి నాకు రెండేళ్లు, అక్కకు పది.

కాబట్టి నాకు అమ్మ ముఖం తెలియదు. అక్కకు తెలుసు. అక్కకు తప్ప ఇప్పుడు ఈ భూమి మీద ఇంకెవరికీ తెలియదు.

హాలు రాయపురంలో ఉండేది. అది ఎలా పోయిందో నేను రాయను. ఆ స్థలంలో ఇప్పుడు కల్యాణ మండపం ఉంది. జార్జి టౌన్‌కు బస్సులో వెళ్లేటప్పుడు నేను ఆ వైపు సీట్లో కూర్చోను. ఇటువైపు ఖాళీ లేకపోతే నిలబడతాను. ముప్పై రెండేళ్లు హార్బర్ దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. ఇస్త్రీ చొక్కా వేసుకోకుండా ఒక్క రోజు కూడా పోలేదు. పెళ్లి చేసుకోలేదు. ఇంటికి తగిన సంబంధం రాలేదని మొదట నాయన అనేవాడు, ఆయన తరువాత నేను అంటూ వచ్చాను. ఇప్పుడు తిరువొత్తియూరులో కింది పోర్షన్లో అద్దెకు ఉంటున్నాం, నేనూ, భర్త పోయాక నా దగ్గరకు వచ్చిన అక్కా. ఒక హాలు, ఒక గది, వంటిల్లు. సముద్రపు గాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టి చేతికి రాలుతుంటాయి.

అక్కకు కుడికన్ను రెండేళ్ల క్రితమే పోయింది. ఎడమకంటికి కూడా అదే జబ్బు. చూపు నడిమి భాగం మసకబారిపోయి చుట్టూ అంచు మాత్రం మిగిలింది. అందుకని దేన్నైనా చూడాలంటే దానికి పక్కగా చూస్తుంది. నాతో మాట్లాడేటప్పుడు నా భుజం అవతల ఎవరో ఉన్నట్లు చూస్తుంది. ఎదురుగా ఉన్నవాళ్లను లెక్కచేయని మనిషిలా కనిపిస్తుంది. మా వంశంలో అది కొత్త కాదు గనుక చూసినవాళ్లు అపార్థం చేసుకున్నా నేను సర్దిచెప్పలేదు. లోపల ఎప్పుడైనా రక్తం చిమ్మవచ్చని, అలా అయితే ఉన్నది కూడా పోతుందని కంటి డాక్టరు చెప్పాడు.

ఆ మాట విన్న వారంలోనే నాయన ట్రంకు పెట్టె అడుగున రేకు డబ్బా దొరికింది. మూత మీద నాయన చేతిరాతతో 'హాలు ప్రారంభోత్సవం' అని ఉంది. లోపల చిన్న రీలు. మూత తీయగానే పులిసిన వాసన కొట్టింది. అక్కకు చెప్పగానే ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఆగిపోయింది.

"దాంట్లో అమ్మ ఉండాది" అంది.

"అమ్మ ఎట్లుంటాది? కెమెరా ముందుకే రానీయరు గదా."

"ముందు తట్టు అందరూ నాయన్ని చుట్టుకోనుండారు. ఆ కెమెరా ఆయన తోవ తప్పినట్టు పక్క మెట్ల కాడికి వచ్చినాడు. ఆడోళ్లు పై బాక్సులోనుంచి దిగతా ఉండారు. నేను చూసినా. నాయనమ్మ అరిచిన అరుపుకు ఆయన కెమెరా ఎత్తుకోని పారిపోయినాడు. అంతలోపల కొంచెమన్నా పడుంటాది."

నేను పుట్టడానికి ఏడాది ముందటి సంగతి అది. ఆ కొంచెంలో మా అమ్మ ఉంది. చూపించగల వేలు అక్కది. ఆ వేలికి దారి చూపించే కన్ను ఎన్నాళ్లుంటుందో తెలియదు. నేను తొందరపడాల్సింది.

పాత రీళ్లను కంప్యూటర్లోకి ఎక్కించే కొట్టు ఒకటి జార్జి టౌన్ సందులో ఉందని తెలిసి తీసుకెళ్లాను. రీలు కుంచించుకుపోయిందని, మిషన్‌లో ఒక్క తూరి మాత్రమే నడుస్తుందని, ఆ తరువాత పొడిపొడి అవుతుందని కొట్టాయన ముందే చెప్పాడు. పదిరోజుల తరువాత తీసుకోవడానికి వెళ్లినప్పుడు అక్క కూడా బయలుదేరింది. తోపుడు బండ్ల మధ్య ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించాను. చుట్టూ అరవం వినబడుతున్నా కొట్టాయన మా తెలుగు మనిషే.

"బాగా వచ్చింది సార్. నాలుగు నిమిషాలుంటాది. ఈడనే కూర్చోని ఒక తూరి చూసేయండి. ఇంత పెద్ద మానిటర్ ఉండాది గదా" అని అక్క కోసం స్టూలు లాగాడు.

అక్క కూర్చుంది. మెడ పక్కకు తిప్పి సిద్ధంగా ఉంది.

కొట్టులో ఇద్దరు మూటలు మోసేవాళ్లు నీడకు నిలబడి ఉన్నారు. టీ తెచ్చినవాడు గ్లాసులు పట్టుకుని తెర వైపే చూస్తున్నాడు.

"వద్దు. ఇంటికాడ చూస్తాం" అన్నాను.

"రేయ్, ఈడ చూస్తే ఏమైంది?"

"లెయ్యి అక్కా."

మా హాలులో ఒక పద్ధతి ఉండేది. కొత్త ప్రింటు వచ్చిందంటే మొదటి ఆట మా తెర మీదే పడాలి. పంపిణీవాళ్లు వేరే చోట వేసి చూపిస్తామన్నా నాయన పోయేవాడు కాదు. శుక్రవారం నాడు మిషన్‌కు గంధం, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, ఇంటివాళ్లంతా పై బాక్సులో కూర్చున్నాకే లైట్లు ఆరేవి. ఊళ్లో అందరూ మా కోసం ఎదురుచూసేవాళ్లు. అలాంటి ఇంటి ప్రింటు, అందులోనూ ఎవరి కంటా పడకూడదని మా నాయనమ్మ అరిచిన ఆడవాళ్లు, మూటలవాళ్ల మధ్య స్టూలు మీద కూర్చుని చూడాలా? నేను ఆ రోజు అనుకున్నది ఇదే. ఇప్పుడు రాస్తుంటే కూడా అందులో నాకు తప్పు మాట కనబడటం లేదు. ఫలితమే కనబడుతోంది.

బస్సులో అక్క ఒక్కటే అంది. "స్టూలు బాగుండిందిరా."

పెన్‌డ్రైవ్ తెచ్చి టీవీకి గుచ్చితే ఈ ఫైలు నా వల్ల కాదని టీవీ చెప్పింది. టీవీ పెద్దదే. అక్క కోసమే అంతకు ముందు ఏడాది తీసుకున్నాను. కంప్యూటర్ ఒకటి తెచ్చి టీవీకి శాశ్వతంగా తగిలిస్తే ఫైలు ఆడుతుందని, కావలసిన చోట ఆపవచ్చని, మెల్లగా నడపవచ్చని, ముఖం పెద్దది చేసి చూపవచ్చని తెలుసుకున్నాను. చేతులు మారిన చిన్న పెట్టె ఒకటి దొరికింది. పంచాంగం కన్నా కొంచెం పెద్దది. దాన్ని టీవీ కింద పెట్టి, వైరు లేని కీబోర్డు, రెండు స్పీకర్లు తెచ్చి నేనే కూర్చున్నాను. పాత ఆఫీసులో పదిహేనేళ్లు కంప్యూటర్ ముందు బిల్లులు కొట్టినవాణ్ణి. ఇది నాకో లెక్కా అనుకున్నాను.

మొదటి రోజు టీవీ 'సిగ్నల్ లేదు' అంది. వైరు టీవీ వెనక రెండో రంధ్రంలో పెట్టి మొదటిదాన్ని చూస్తున్నానని తెలియడానికి సాయంత్రమైంది. తరువాత బొమ్మ వచ్చింది, శబ్దం టీవీలో రాకుండా పెట్టెలోనే సన్నగా గునిసింది. ఆ రీలుకు శబ్దమే లేదు. అయినా శబ్దం లేని హాలు హాలు కాదని దాని మీద నాలుగు రోజులు పెట్టాను. పెట్టెలో ఫ్యాను రొద చేస్తుందని దానికి అట్టపెట్టె కప్పితే వేడెక్కి ఆగిపోయింది. ఇలా మూడు వారాలు గడిచాయి.

పై పోర్షన్లో గుంటూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి ఉంటాడు. ముప్పై అయిదేళ్ల వాడు. మర్యాదస్తుడే గాని నన్ను అంకుల్ అంటాడు. ఒకనాడు మెట్లు దిగుతూ తలుపు తీసి ఉంటే ఆగాడు.

"ఏంటి అంకుల్, హోమ్ థియేటరా? నేను చూడనాండీ? ఐదు నిమిషాల పని."

"అక్కర్లేదు. సినిమా హాలు నడిపిన ఇల్లు మాది. తెర సంగతి మాకు తెలుసు."

"అప్పుడు ఈ కేబుళ్లు లేవు కదండీ" అని నవ్వాడు. "పోనీ ఆ పెన్‌డ్రైవ్ ఇవ్వండి, నా ఫోన్లో వేసి మీ అక్కగారికి చూపిస్తాను. ఇప్పుడే చూసేయొచ్చు."

"ఫోన్లోనా?"

నా గొంతు విని అతను చెప్పులు వేసుకున్నాడు. లోపలినుంచి అక్క అంది, "ఆ పిల్లోడు చేస్తానంటే చెయ్యనీరా. నువ్వేమన్నా ఆపరేటరా? మన హాల్లో ఫ్యూజు పోతే నీకు టార్చిలైటు పట్టుకునేదే రాదు."

"అరచేతిలో పెట్టుకోని చూసేదానికా అమ్మ ఉండేది?"

"నాకు కనపడితే చాలు. అరచేతిలో అయితే ఏమి, గోడ మీద అయితే ఏమి."

నేను వంగి వైర్లు సర్దుకున్నాను.

కుర్చీల దగ్గర కూడా మాకు మాటలయ్యాయి. రెండు కుర్చీలూ వెనక గోడకు ఆనించి వేశాను, బాక్సులో వేసినట్లు. అక్కకు అంత దూరంనుంచి టీవీ ఒక వెలుగు ముద్దలాగే ఉంటుంది. ఆమె చాప తీసుకుని టీవీకి మూరెడు దూరంలో పరచుకుంది. "ఈడ కూర్చుంటే అంచులు బాగా తెలస్తా ఉండాయి" అంది.

"నేల టికెట్టులో మన ఇంటోళ్లు ఎవరూ కూర్చోలేదు అక్కా."

"ఇప్పుడు మనకు ఇల్లంతా నేలే గదరా."

చాప మడిచి నేనే లోపల పెట్టాను. కుర్చీని కొంచెం ముందుకు జరిపి, టీవీని బల్లతో సహా ఇంకొంచెం ముందుకు తెచ్చి రాజీ చేశాను. 

ఒక మంగళవారం మధ్యాహ్నానికి అంతా కుదిరింది. శబ్దం వచ్చింది. బొమ్మ వచ్చింది. ఒక్కటే లోపం. బొమ్మ నాలుగు అంచులూ తెర చట్రం వెనక్కి పోయి తెగిపోతున్నాయి. కంప్యూటర్లో కింద మూలనుండే గడియారం సగమే కనబడింది. హాల్లో అలా బొమ్మ తెగితే నాయన ఆట ఆపించేవాడు. రీలు ఫైలును నేను ఇంకా తెరవలేదు. మొదటి ఆట కానిదే తెరవకూడదు.

"అయింది గదా, వెయ్యి" అంది అక్క.

"అంచు పోతా ఉండాది."

"పోతే పోనీ. అమ్మ మధ్యలోనే నడిచుంటాది."

"శుక్రవారం వేస్తా అక్కా. పద్ధతిగా వేస్తాం. అంతలోపల అంచు సరిచేస్తా."

అక్క చాలాసేపు నా భుజం అవతలకు చూసింది. నన్నే చూస్తోందని నాకు తెలుసు. "సరి. ఇంత కాలం ఆగినాం. మూడు దినాలే గదా" అంది. శుక్రవారానికి మల్లెపూలు తెమ్మంది. బాక్సుకు పోయేటప్పుడు అమ్మ తనకు పూలు పెట్టేదట.

గురువారం పొద్దున నేను పాలు కాస్తుంటే గదిలోనుంచి పిలిచింది. గొంతులో ఏ కంగారూ లేదు.

"కిటికీకి ఏమన్నా గుడ్డ కట్టినావా?"

"లేదే."

"అట్లనా" అంది. మంచం దిగిన చప్పుడయింది. "అట్లయితే నా కంటికే కట్టినట్టుండాది" అంది.

ఆస్పత్రిలో డాక్టరు నా వైపు చూసి మాట్లాడాడు. రక్తం చిమ్మింది. కొన్ని నెలలకు అది పలచబడితే వెలుగూ చీకటీ తెలియవచ్చు. ముఖాలు మాత్రం తెలియవు. అక్క నా చెయ్యి పట్టుకుని, వింటున్నట్లు కాకుండా, గోడ వైపు తిరిగి కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, పూలు చెప్పినావా రేపటికి, అని అడిగింది.

శుక్రవారం ఉదయం నేను పై పోర్షన్‌కు వెళ్లి తలుపు కొట్టాను. అతను అక్కడ ఉన్న ఏడాదిన్నరలో నేను ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. అతను వెంటనే దిగివచ్చాడు. కంప్యూటర్ను ముట్టుకోనే లేదు. టీవీ రిమోట్ తీసుకుని బొమ్మ సైజు అని ఉన్నచోట ఒక్క గుర్తు మార్చాడు. నాలుగు అంచులూ చట్రంలోనుంచి బయటకు వచ్చి కూర్చున్నాయి. గడియారం నిండుగా కనబడింది. "అంతేనండీ" అన్నాడు. అక్కను చూసి రిమోట్ బల్ల మీద పెట్టేశాడు. కుంకుమ, కర్పూరం చూసి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

పెట్టెకు గంధం పెట్టాను. కర్పూరం వెలిగించాను. అక్క పట్టుచీర కట్టుకుని, తలలో పూలతో, వెనక కుర్చీలో కూర్చుంది. ఫైలు తెరిచాను.

"వచ్చిందా?"

"వచ్చింది. హాలు ముందర జనం. నాయన కోటు వేసుకోనుండాడు. నువ్వు పక్కన పళ్లెం పట్టుకోనుండావు, కత్తెర పెట్టి."

"రెండు జడలా?"

"ఆమా."

అక్క నవ్వింది. పాత రీలు గనుక మనుషులు పరుగులాంటి నడక నడుస్తున్నారు. మా అమ్మ నవ్వులాటగా నడవకూడదని వేగం తగ్గించాను. కొబ్బరికాయ కొట్టారు. రిబ్బను తెగింది. తరువాత బొమ్మ ఊగి, పక్కకు తిరిగి, మెట్లు వచ్చాయి.

"ఆరుమంది దిగతా ఉండారు అక్కా."

అక్క కుర్చీ అంచుకు వచ్చింది. "ముందర తెల్లచీర నాయనమ్మ. తల నిండా కప్పుకోనుంటాది."

"ఆమా."

"వెనక లావుగా ఉండేది మేనత్త. ఆమె వెనక మెట్టు మెట్టుకీ ఆగేది ఇంకో మేనత్త. చివర్న తట్ట పట్టుకోనుండేది వంటామె."

"ఉండారు. ఇంకా ఇద్దరుండారు మధ్యలో."

"ఒకటి అమ్మ. ఒకటి పిన్నమ్మ."

మా బాబాయి భార్య ఆ పిన్నమ్మ. నాకు ఊహ రాకముందే పుట్టింటికి వెళ్లిపోయి అక్కడే పోయింది. ఆమె ముఖమూ నాకు తెలియదు. బొమ్మ ఆపాను. ఇద్దరూ పక్కపక్కన ఒకే మెట్టు మీద ఉన్నారు. ఇద్దరూ ఒకే ఈడు, ఒకే ఎత్తు.

"చీర చెప్పు అక్కా."

"ఒకే చీర. కోడళ్లిద్దరికీ నాయనమ్మ ఒకటే తీసింది, తేడా చూపించకూడదని."

"ముక్కుపుడకలు?"

"ఇద్దరికీ రెండు తట్లా." ఆలోచించింది. "అమ్మ యడం చేత్తో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంటాది."

మెట్లు దిగే ఆడవాళ్లు కదా, ఇద్దరూ పట్టుకునే ఉన్నారు.

"చెంప మీద చిన్న మచ్చ ఉండాది. కుడి చెంప. నేను వేలు పెట్టి తడిమేదాన్ని."

ముఖాలు పెద్దవి చేశాను. ఒకామె కుడి చెంప మీద మచ్చ కనబడింది. ఒక్క బొమ్మ ముందుకు జరిపాను. మచ్చ పోయింది. రెండో ఆమె నుదుటి మీద పడింది. ఇంకొకటి జరిపితే గోడ మీద పడింది. రీలు నిండా బూజు చుక్కలే. ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లు జరిపానో చెప్పలేను. ఆరుగురూ మెట్లు దిగి, ఎక్కి, మళ్లీ దిగారు. చివరికి నాయనమ్మ నోరు తెరిచి చెయ్యి ఎత్తుతుంది, బొమ్మ ఆకాశానికి లేచి అయిపోతుంది.

"కనపడిందా?" అని అడిగింది అక్క.

ఇద్దరిలో ఎడమ పక్కనున్న ఆమెను చూస్తూ చెప్పాను. "సన్న గడ్డం. తల వంచి మెట్టు చూసుకుంటా ఉండాది. నుదురు చిన్నది."

అక్క తలలోని పూలను ఒకసారి తడుముకుంది. తరువాత, "ఆమా. అదే. అమ్మ అట్లే ఉండేది" అంది.

ఆ ఒక్క రోజు నాకు అమ్మ ఉంది. ఆ ముఖాన్ని తెర నిండా పెట్టి, వంట కూడా మరిచి, ఎదురుగా కూర్చున్నాను. నా గడ్డం తడిమి చూసుకున్నాను.

మర్నాడు నిద్ర లేవగానే గట్టి చేసుకోవాలనిపించింది. అది నా బుద్ధి. ఆఫీసులో కూడా సరిపోయిన లెక్కను రెండోసారి కూడేవాణ్ణి. పెట్టె ఆన్ చేసి, ఈసారి కుడి పక్కనున్న ఆమెను చూస్తూ, వేరే మనిషని చెప్పకుండా, మళ్లీ చూస్తున్నట్లుగానే చెప్పాను. "నుదురు బాగా వెడల్పు అక్కా. బుగ్గలు నిండుగా ఉండాయి. కెమెరా తట్టు సూటిగా చూస్తా ఉండాది. నోరు కొంచెం తెరుచుకోనుండాది."

"ఆమా" అంది అక్క, పూల దారం చుడుతూ. "అమ్మ అట్లే ఉండేది."

గొంతు నిన్నటిదే. నేను ఇంకేమీ అడగలేదు. అరవై అయిదేళ్లలో ఆమెకూ ముఖం చెరిగిపోయిందో, నేను బాధపడకూడదని అందో, నాకు తెలియదు. తెలియదు అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ఆమె కూడా అనదు.

రీలు పొడి అయిపోయింది. డబ్బా మాత్రం ట్రంకులో ఉంది. పెట్టె ఆన్ చేసినప్పుడల్లా ఆపిన చోటినుంచి వేయమంటావా అని అడుగుతుంది, ఇద్దరు ఆడవాళ్లు ఒకే మెట్టు మీద వచ్చి నిలబడతారు. అక్కకు ఇప్పుడు ఎక్కడ కూర్చున్నా ఒకటే. అయినా ఆ వెనక కుర్చీలోనే కూర్చుంటుంది, నేను వేసిన చోటే. ఈ శుక్రవారం కూడా ఆమె కట్టిన దండను బ్యానర్ ఆర్టిస్టు బొమ్మకే వేశాను.